పాతర, వేప, పొగ: పెన్నా ఒడ్డున గింజను కాచిన తీరు

కడప జిల్లా వాయవ్య భాగంలో గండికోట కొండలను చీల్చుకొని వచ్చే పెన్నా నది జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పట్టణాల పక్కగా సాగుతుంది. ఆ నదికీ, దిగువన దానిలో కలిసే కుందేరుకూ ఇరువైపులా పరచుకొన్న నల్లరేగడి నేలల్లో ఇరవయ్యో శతాబ్దపు చివరి దశాబ్దాల దాకా జొన్నే ప్రధానమైన తిండిగింజ. వీటికి దక్షిణంగా ఉన్న పులివెందుల ప్రాంతంలో ఎర్రనేలలు ఎక్కువ. అక్కడ కొర్ర, సజ్జ వంటి చిరుధాన్యాలు మొదట, వేరుశనగ, చీనీ తోటలు తరువాత జనజీవనాన్ని నడిపాయి. జిల్లా సగటు వర్షపాతం ఏటా సుమారు 700 మిల్లీమీటర్లు కాగా పులివెందుల వైపు అంతకన్నా తక్కువ. వాన తప్పడం వింత కాని ఇటువంటి సీమలో పంట పండించడం ఎంత పనో, పండిన గింజను రెండు మూడేళ్లు పురుగు పాలు కాకుండా నిలపడమూ అంతే పని. 1876-78 నాటి ధాత కరువు వంటి కాలాల్లో ఒక కుటుంబం నిలిచిందా ఊరు విడిచిందా అన్నది చాలావరకు ఈ రెండో పని మీదే ఆధారపడింది. అయినా సీమ చరిత్రకారులు చెరువుల గురించీ కోటల గురించీ రాసినంతగా ధాన్యరక్షణ గురించి రాయలేదు. 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి దత్తమై సీడెడ్ జిల్లాలు అనిపించుకొన్న ఈ సీమపై తెల్లదొరలు రాసిన గ్రంథాలు, ముఖ్యంగా గ్రిబుల్ 1875లో వెలువరించిన కడప జిల్లా మాన్యువల్, బ్రాకెన్‌బరీ 1915లో వెలువరించిన గెజిటీరు, పాలనకు అక్కరకు వచ్చే నేల, నీరు, పంట, శిస్తు లెక్కల కోసం పుట్టినవి. వేపాకు మీద శిస్తు లేదు కనుక దానికొక అధ్యాయమూ లేదు.

సీడెడ్ జిల్లాలన్నిటా జొన్నను దాచడానికి పెద్ద సాధనం పాతర. నీరు ఊరని గట్టినేలను ఎంచి, మనిషి దిగగలిగినంత సన్నని మూతితో, లోపల విశాలంగా గుంత తవ్వి, అడుగునా గోడల వెంబడీ ఎండిన జొన్నచొప్పను మందంగా పరచి, బాగా ఎండబెట్టిన గింజలను నింపి, పైన మళ్లీ చొప్ప కప్పి, మట్టితో మూసి అలికేవారు. గండికోటలో జామియా మసీదు దగ్గర నేటికీ నిలిచి ఉన్న రాతి ధాన్యాగారం పాలకుల నిల్వకు గుర్తు కాగా, పాతర రైతు నిల్వకు గుర్తు. రాతికట్టడం కంటికి కనిపిస్తుంది కనుక యాత్రికులను ఆకర్షిస్తుంది. పాతర గుర్తు తెలియకుండా ఉండడమే దాని ప్రయోజనం కనుక దోపిడీదార్ల నుంచి గింజను కాపాడింది, చరిత్రలో మాత్రం మిగలలేదు.

పాతరలో పురుగును చంపేది మందు కాదు, ఆకు కాదు. మూసిన గుంతలో గింజ తానే ఊపిరి పీలుస్తుంది, గింజతోపాటు లోపలికి చేరిన పురుగు కూడా పీలుస్తుంది. కొన్ని వారాల్లో ప్రాణవాయువు తగ్గి బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. గాలిలో సాధారణంగా 21 శాతం ఉండే ప్రాణవాయువు రెండు మూడు శాతానికి దిగిపోతే ధాన్యపు పురుగులు బతకలేవు. ఈ లెక్క తెలియకపోయినా దాని ఫలితం రైతుకు బాగా తెలుసు. పాతర మూత తీసిన వెంటనే ఎవరూ దిగకూడదన్నది కట్టడి. కొంతసేపు గాలి ఆడనిచ్చి, దీపాన్ని లోపలికి దింపి, అది ఆరకుండా వెలిగితేనే మనిషిని దింపేవారు. ఈ జాగ్రత్త తప్పి ఊపిరాడక మనుషులు చనిపోవడమూ జరిగేది. అంచుల్లో ఉన్న గింజ చెమ్మకు నల్లబడి ముక్కిపోయేది, తక్కిన గింజకు కూడా పాతర కంపు అంటేది, అందుచేత పాతర జొన్నకు అంగడిలో ధర తక్కువ. అన్నిటికన్నా ముఖ్యమైన లోపం మరొకటి ఉంది: ఆ వేడికీ చెమ్మకూ మొలకశక్తి దెబ్బతింటుంది కనుక పాతర గింజ విత్తనానికి పనికిరాదని రైతులు ఎంచేవారు. ఆకులూ పొడులూ నూనెలూ రంగంలోకి వచ్చింది ఇక్కడే. తిండిగింజకు నేల కింది చీకటి కాపలా అయితే, ఇంట్లో గాలి తగిలేచోట ఉంచక తప్పని విత్తనపు గింజకూ పప్పుధాన్యాలకూ వేరే కాపలా కావలసివచ్చింది.

ఆ కాపలా ఇంటి ఆడవారి చేతిలో ఉండేది. వెదురుతోనో కంపతోనో అల్లి పేడతో అలికిన గాదెల్లోనూ, మట్టి కాగుల్లోనూ గింజ పోసేటప్పుడు నడుమ నడుమ నీడన ఆరిన వేపాకు, వావిలాకు, కానుగాకు పొరలుగా వేయడం. కందులకూ పెసలకూ ఆముదం పట్టించడం. విత్తనపు పప్పుధాన్యాలను కట్టెల బూడిదలో కలిపి కుండలో పోసి మూతి కట్టడం. కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టడం. ఇవన్నీ రాయలసీమ పల్లెలకే కాక తెలుగునేల అంతటికీ తెలిసిన పనులు. వీటన్నిటినీ కలిపి ఘాటుకు పురుగు పారిపోతుందని చెప్పుకోవడం వాడుక. నిజానికి ఇవి ఒక్కొక్కటీ ఒక్కో దారిన పనిచేస్తాయి, వాసన ఆ దారుల్లో ఒకటి మాత్రమే.

ముందుగా వాసన ప్రమేయం లేనివాటిని వేరుచేయవచ్చు. పురుగు ఒంటిని కప్పి పలుచని మైనపు పొర ఉంటుంది, దాని ఒంట్లోని తేమ ఆవిరైపోకుండా ఆపేది అదే. బూడిద, మెత్తని మట్టి ఆ పొరను గీకి, పీల్చి పాడుచేస్తాయి, దాంతో పురుగు ఎండి చస్తుంది; గింజల సందులన్నీ పొడితో నిండిపోవడం వల్ల అది కదలడానికీ జతకట్టడానికీ చోటుండదు. ఆముదం పని ఇంకా సూక్ష్మమైనది. పెసర, కంది గింజలను తొలిచే పుచ్చు పురుగు చేనులో కాయ మీదా, ఇంట్లో గింజ పైపొట్టు మీదా గుడ్డు అతికిస్తుంది, పిల్లపురుగు గుడ్డు అడుగునుంచే గింజలోకి తొలుచుకుపోతుంది. గింజకు పట్టిన పలుచని నూనె ఆ గుడ్డుకు గాలి అందకుండా చేసి అందులోని ప్రాణాన్ని అణచివేస్తుంది. ఆముదం బదులు వాసనలేని మరే నూనె పట్టించినా చాలావరకు ఇదే ఫలితం రావడం వల్ల ఇందులో ఘాటుకు పెద్ద పాత్ర లేదని తేలుతుంది.

వాసన కథ పురుగు తల మీది స్పర్శశృంగాలతో, అంటే వాడుకలో మీసాలు అనేవాటితో, మొదలవుతుంది. వాటి నిండా కంటికి కనిపించని సన్నని రోమాలు ఉంటాయి, ప్రతి రోమానికీ అతి సూక్ష్మమైన రంధ్రాలు ఉంటాయి. గాలిలో తేలివచ్చిన వాసన అణువు ఆ రంధ్రం గుండా లోపలికి జారి, అక్కడి ద్రవంలో ఉండే ప్రత్యేకమైన ప్రోటీన్ల సాయంతో నాడీకణాన్ని చేరి, దాని మీది గ్రాహకానికి, అంటే ఒక జాతి అణువును గుర్తుపట్టి సంకేతం పంపే నిర్మాణానికి, తగులుకొంటుంది. ఇటువంటి గ్రాహకాల జన్యువులు కీటకాల్లో మొదటిసారి 1999లో పండ్ల ఈగలో బయటపడ్డాయి. అంతకు 40 ఏళ్ల ముందే, 1959లో, జర్మన్ రసాయన శాస్త్రవేత్త బూటెనాంట్ సుమారు 5 లక్షల పట్టుపురుగు సీతాకోకల నుంచి ఆడపురుగు మగదాన్ని పిలిచే వాసన పదార్థాన్ని వేరుచేసి, కీటక జీవితంలో వాసన ఎంత పెద్ద భాషో నిరూపించాడు. జొన్నలో ముక్కు పురుగు కూడా గింజను వెతుక్కొనేది వాసనతోనే. చోటు దొరికిన మగపురుగు తన తోటివారిని పిలిచేది కూడా ఒక వాసన పదార్థాన్ని వదిలే.

వావిలాకు, వస కొమ్ము, కర్పూరం వంటివి ఈ భాషలో కలగజేసుకొంటాయి. వాటిలోని ఆవిరయ్యే నూనెలు గ్రాహకాలను తాకి పురుగును వెనుదిరిగేట్టు చేస్తాయి, లేదా గింజ వాసనను అణచి అది దారి తప్పేట్టు చేస్తాయి. వసకు ఇంకో గుణం కూడా ఉంది: అందులోని బీటా-అసరోన్ అనే పదార్థం తగిలిన ఆడపురుగుల గుడ్లసంచి ఎదగదు, కనుక పారిపోని పురుగుకు కూడా సంతానం తగ్గుతుంది. అయితే ఈ వాసన కాపలాకు రెండు హద్దులున్నాయి. మొదటిది, ఆకు ఎండేకొద్దీ నూనె ఆవిరైపోతుంది, కనుక పాత ఆకు తీసి కొత్త ఆకు వేస్తూ ఉండాలి. రెండవది ఇంకా పెద్దది. ఆడ ముక్కు పురుగు గింజకు తూటు పొడిచి, గుడ్డు లోపల పెట్టి, జిగురుతో ఆ తూటును మూసేస్తుంది. అప్పటికే లోపల ఉన్న పిల్లపురుగుకు బయటి ఆకు ఘాటు ఏమీ చేయదు. అందుకే గింజను నిండు ఎండలో బాగా ఎండబెట్టి, చేటతో చెరిగిన తరువాతే ఆకు వేయాలన్న పద్ధతిలో ఆకుకన్నా ఎండే ముఖ్యమని చెప్పాలి.

ఈ కోవలో వేప స్థానం చిత్రమైనది. పురుగు పారిపోయేది వేప వాసనకే అని లోకం నమ్మినా, వేప శక్తిలో పెద్దపాలు చేదుది. వేపగింజ నూనెకు వెల్లుల్లి కంపు తెచ్చే గంధక పదార్థాలు వేరు, పంటను కాపాడే అజాడిరాక్టిన్ వేరు. రెండోది అణుభారం 720 ఉన్న బరువైన పదార్థం, గాలిలోకి లేవనే లేవదు. పురుగు దాన్ని పసిగట్టేది మీసాలతో కాదు, నోటి దగ్గర ఉన్న రుచి రోమాలతో. ఆకు మీద వాలి ఒక కొరుకు కొరికాకనో, కొరకబోయేముందు తాకాకనో తినడం మానేస్తుంది. తిన్నది ఏమైనా ఉంటే అది కుబుసం విడిచే హార్మోనును చెడగొట్టి ఎదుగుదలను ఆపుతుంది. 1959లో సూడాన్‌లో మిడతలదండు చెట్లన్నీ నాకేసి వేపను మాత్రం వదిలిపెట్టడాన్ని జర్మన్ కీటకశాస్త్రవేత్త ష్ముట్టరర్ గమనించాడు. 1962లో ఢిల్లీలో మిడతలు వచ్చినప్పుడు భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థకు చెందిన ప్రధాన్ బృందం వేపగింజ ద్రావణం చల్లిన పైరును అవి ముట్టకపోవడాన్ని చూపింది. బటర్‌వర్త్, మోర్గన్ 1968లో అజాడిరాక్టిన్‌ను వేరుచేశారు. దాన్ని ప్రయోగశాలలో మొదటినుంచి కట్టడానికి కేంబ్రిడ్జిలోని స్టీవెన్ లే బృందానికి 22 ఏళ్లు పట్టి 2007లో పూర్తయింది. పెన్నా ఒడ్డున ప్రతి పొలం గట్టు మీదా ఉచితంగా రాలే గింజలో ఉన్నది ఇంత జటిలమైన పదార్థం. అది ఆకులో కన్నా గింజలోనే ఎక్కువ. ఎండకు త్వరగా విరిగిపోతుంది. కనుక గాదెలో వేపాకు వేయడం చెడ్డ పని కాకపోయినా, గింజ పలుకుల పొడి కలపడం అంతకన్నా చాలా మేలైన పని. ఆచారం ఈ రెండింటి నడుమ తేడాను ఎప్పుడూ గట్టిగా పట్టించుకోలేదు.

పసుపు విషయంలో మాత్రం ఆచారం వాసన మీదే నిలిచింది, అదే నిజం కూడా. కడప అంగడి దేశంలోని పెద్ద పసుపు అంగళ్లలో ఒకటి. గడపకు పూసే పసుపు, పప్పుల్లో కలిపే పసుపు కొమ్ము మంగళార్థానికే అనుకొన్నా, 1982లో సు, హోర్వాట్, జిలానీ అనే శాస్త్రవేత్తలు పసుపు నూనె నుంచి ఆర్-టర్మెరోన్, టర్మెరోన్ అనే పదార్థాలను వేరుచేసి, పిండిలో చేరే ఎర్ర పెంకు పురుగును అవి దూరంగా తోలుతాయని చూపారు. ఐతే ప్రకృతిలో ఎవరి గొంతుకు తగ్గ కూడు వారికుంటుంది: సిగరెట్ పురుగు అనే మరో చిన్న పెంకు పురుగు నిల్వ ఉంచిన పసుపు కొమ్ములనే తొలిచి పొడి చేస్తుంది. ఘాటు ఒకటే, ఒక పురుగుకు అది గోడ, ఇంకొక పురుగుకు పిలుపు.

వాసనతో పురుగును పిలిచి పట్టడం కూడా ఈ సీమ రైతుకు తెలిసిన విద్యే. వేరుశనగ విస్తరించిన ఎర్రనేలల్లో తొలకరి వానకు నేలలోంచి రెక్కల పురుగులు లేచి గుడ్లు పెట్టగా పుట్టే ఎర్ర గొంగళి పురుగు, చేను చేనంతా తినేసి మందలుగా పక్క చేనుకు పాకుతుంది. దాని దారిలో చాలు తీసి జిల్లేడు, ఆముదం కొమ్మలు పరిస్తే గొంగళ్లు ఆ ఆకుల కిందికి చేరతాయి, తెల్లవారి ఏరి చంపవచ్చు. చేను చుట్టూ ఆముదం మొక్కలు వేసి లద్దె పురుగు గుడ్లు వాటి మీదే పెట్టేట్టు చేయడమూ ఈ తెలివి కొనసాగింపే.

పులివెందుల చీనీ తోటల్లో పొగ ఇందుకు మారుముఖం. చీనీకాయ పక్వానికి వచ్చే రోజుల్లో చీకటి పడ్డాక రసం పీల్చే పెద్ద రెక్కల పురుగులు వస్తాయి, గట్టి తొండంతో తొక్కను పొడుస్తాయి, ఆ తూటు దగ్గర బూజు పట్టి కాయ రాలిపోతుంది. వీటి పిల్లపురుగులు చీనీ చెట్టు మీద పెరగవు. వాగుల వెంబడీ కంచెల మీదా అల్లుకొనే తిప్పతీగ, దూసరతీగ మీద పెరుగుతాయి. కనుక తోటలో పుట్టని ఈ పురుగు తోటను వెతుక్కొంటూ వచ్చేది మాగిన పండు వాసనను పట్టుకొనే. మాపటివేళ తోటలో అక్కడక్కడా చెత్త పోగులు రాజేసి పొగ పెట్టడం ఆ వాసనను పొగలో కలిపేయడానికి. చుట్టుపక్కల తీగలను పీకేయడం దాని పుట్టిల్లు లేకుండా చేయడానికి. ఈ రెండింటిలో రెండోదే గట్టి పని. పొగ గాలి తిరిగితే పోతుంది.

దోమకు పెట్టే వేపాకు పొగ ఇంతకన్నా పాతది. పశువుల కొట్టంలో సాయంత్రం పచ్చి వేపాకు రాజేయడం, ఇంట్లో గుగ్గిలమో సాంబ్రాణో వేయడం మలేరియాను ఎదుర్కోవడానికి పుట్టిన పనులు కావు. చలిజ్వరానికీ దోమకూ సంబంధం ఉందని సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ నిరూపించిందే 1897లో. నిద్ర కోసం, పశువుల నెమ్మది కోసం పెట్టిన పొగ జ్వరాన్ని కూడా కొంత ఆపి ఉంటుందని అనుకోవచ్చు. కళ్లకూ ఊపిరితిత్తులకూ అది చేసే చెరుపును మాత్రం మరవకూడదు. దోమను తోలే పదార్థాలు అన్నీ ఒకే తీరున పనిచేయవని 2019లో వెలువడిన ఒక పరిశోధన చూపింది: మలేరియా దోమ మీసాల్లోని నాడీకణాలను నిమ్మగడ్డి నూనె, లవంగ నూనెలోని యూజెనాల్ నేరుగా రేపుతాయి, 1940ల్లో అమెరికా సైన్యం కోసం తయారైన డీట్ మాత్రం వాటిని రేపకుండా, మనిషి ఒంటి వాసన దోమకు అందకుండా కప్పేస్తుంది. మొదటిది పొమ్మని చెప్పడం, రెండోది మనిషిని దాచడం.

ఆ నిమ్మగడ్డి నూనెకు గింజతో సంబంధం లేని మరో పని కూడా ఉంది. తాళపత్ర గ్రంథాలకు ఆ నూనె రాయడం, వాటి మూటల్లో వస కొమ్ము, వేపాకు పెట్టడం దక్షిణదేశమంతటా ఉన్న పద్ధతి. తంజావూరు సరస్వతీ మహల్‌లో తెలుగు తాళపత్రాలు కూడా ఇటువంటి మూలికల పొట్లాల కాపలాలో నిలిచాయి. 1820లో కడపకు కొలువుమీద వచ్చిన సి.పి.బ్రౌన్ తరువాతి దశాబ్దాల్లో వెతికి పోగుచేసి ప్రతులు రాయించిన కావ్యాలు మిగలడంలో ఆయన పట్టుదలకు ఎంత పాలుందో, అంతకుముందు తరతరాలుగా ఆ ఆకులను దులిపి ఎండబెట్టి పొట్లం మార్చిన ఇళ్లకు అంతే పాలుంది.

ఈ పద్ధతులన్నీ తమంతట తాము విఫలమై పోలేదు. రెండో ప్రపంచయుద్ధం తరువాత డీడీటీ, గమేక్సిన్ పొడులు పల్లెలకు చేరాయి, పురుగు కళ్లముందే చచ్చిపడడం చూసినవారికి వేపాకు పాతకాలపు పనిగా తోచింది. నిల్వ ధాన్యంలో అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెట్టడం అలవాటైంది. మనుషులు పడుకొనే ఇంట్లో పెట్టిన బిళ్ల విషవాయువై ప్రాణాలు తీయగలదు. ఐతే వీటికన్నా పెద్ద మార్పు నిల్వ అవసరమే తగ్గిపోవడం. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం జొన్న తినే ఇళ్లను అన్నం వైపు తిప్పింది. 1999లో విడుదలైన జేజీ-11 వంటి శనగ రకాలు జమ్మలమడుగు, ప్రొద్దుటూరు నల్లరేగళ్లలో జొన్న చోటును ఆక్రమించాయి. శనగ ఇంట్లో తినడానికి దాచే పంట కాదు, ధర కోసం గిడ్డంగిలో పెట్టే పంట. రెండేళ్ల తిండి ఇంట్లో దాచనక్కరలేనప్పుడు పాతర పూడింది, గాదె విరిగింది, వాటితోపాటు ఏ గింజకు ఏ ఆకు అన్న ఎరుక కూడా చెదిరింది. ఆకును ఓడించింది రసాయనం అని చెప్పడం సులువు. ఎక్కువ పాలు చౌకధరల దుకాణానిది, మార్కెట్టుది.

అదే ఆకు పొలంలోకి మాత్రం తిరిగివచ్చింది. పత్తిలో పురుగుమందుల ఖర్చు రైతులను ముంచిన తరువాత ఖమ్మం జిల్లా పునుకుల గ్రామం 2003 నాటికి పురుగుమందులు లేని సేద్యానికి మళ్లింది. 2004-05 నుంచి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం మహిళా సంఘాల ద్వారా దాన్ని జిల్లాలకు విస్తరించింది. 5 శాతం వేపగింజల కషాయం, అంటే 5 కిలోల పలుకుల పొడిని రాత్రంతా నానబెట్టి వడకట్టి 100 లీటర్ల నీటిలో కలిపి చల్లేది, వ్యవసాయ విశ్వవిద్యాలయాల సిఫారసుల్లో ముందునుంచీ ఉన్నదే. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి సేద్యంలో నీమాస్త్రం, దశపర్ణి కషాయం వంటి పేర్లతో ఇటువంటివి వాడుకలో ఉన్నాయి. ఆ సంస్థ జర్మనీ సాయంతో తలపెట్టిన ప్రకృతి సేద్య పరిశోధన అకాడమీకి వేదిక పులివెందులే.

ఆ అకాడమీ కాని, కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయం కాని ముందుగా చేయదగిన పని కొత్త కషాయాలు కట్టడం కాదు. పాతర దిగినవారు, గాదెకు ఆకు వేసినవారు జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల చుట్టుపక్కల పల్లెల్లో ఇంకా కొందరైనా బతికి ఉండగానే ఏ ఆకు, ఏ నెలలో కోసినది, ఏ గింజకు, ఎంత పాళ్లలో, ఎన్నాళ్లకొకసారి మార్చేవారో ఊరి పేరుతో సహా రాసి ఉంచి, వాటిలో ఏది వాసనతో, ఏది చేదుతో, ఏది గాలి అందకుండా చేసి పనిచేస్తోందో ఒక్కొక్కటీ పరీక్షకు పెట్టాలి.